వాక్కాయ నురగ

మొన్న నారాయణగూడలో పళ్ళ డాక్టరు దగ్గర నుంచి బయటపడి, ఆయన ఏది తినొద్దన్నాడో సరిగ్గా అదే తిన్నాను. ఫ్లైఓవరు పక్కన ఒక బేకరీ ఉంది. అద్దాల వెనక చిన్న చిన్న కేకులు, ఒక్కొక్క దాని నెత్తిన ఒక్కొక్క ఎర్రటి చెర్రీ. రెండు రోజులు తీపి జోలికి పోవద్దని ఆయన చెప్పిన మాట నిజమే. కేకు మెత్తగానే ఉంటుంది కదా, పంటికేం పని అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఈ వయసులో నా మాట వినేది నేనొక్కదాన్నే.

కేకు గురించి చెప్పుకోవడానికేం లేదు. ఆ చెర్రీని నాలిక మీద పెట్టుకోగానే మాత్రం, ఆ చక్కెర కింద, ఆ రంగు కింద, బాగా అడుగున ఎక్కడో సన్నటి పులుపు, దాని వెనకే కాస్త వగరు తగిలాయి.

"ఇది చెర్రీ కాదండీ, వాక్కాయ" అన్నాను కౌంటరు దగ్గరున్న పెద్దాయనతో.

"ఏమో మేడం, మాకైతే డబ్బాల్ల వస్తయి. అందరు చెర్రీ అనే తింటరు. బాగలేదా, ఇంకోటి ఇయ్యాల్నా?"

బాగుందనే చెప్పాను. బయట బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. నేను అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆ వాక్కాయ ముక్కని బుగ్గలో పెట్టుకుని, చాలాసేపు లేవలేదు.

అప్పుడు మేం చిక్కడపల్లిలో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్న ప్రభుత్వాఫీసులో గుమాస్తా. రాజధాని ఇక్కడికి మారినప్పుడు "కర్నూలు నుంచి ఫైళ్ళ పెట్టెలతో పాటు నన్నూ లారీలో వేసి పంపారు" అని నవ్వేవాడు. ఇంట్లో మామ్మ, అంటే నాన్నగారి అమ్మ. అత్త, అంటే నాన్న చెల్లెలు. నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ పురిటికి బెజవాడ వెళ్ళింది. అమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందంటే, తల దువ్వేవాళ్ళు ఇద్దరున్నా జడ వదులుగానే ఉంటుంది.

ఇంటి ముందు భాగంలో ఇంటావిడ ఉండేది. నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆవిడది పాలమూరు వైపు. మామ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ, పగలంతా పెరట్లో నీళ్ళ కుళాయి దగ్గర ఏదో ఒక దానికి వాదించుకుంటూ ఉండేవారు. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలి దగ్గర నుంచి, కాకి ఎటువైపు అరిస్తే చుట్టాలొస్తారు వరకూ వాళ్ళకి దేనిమీదా ఏకాభిప్రాయం లేదు. ఊళ్ళో అప్పుడు వేరే గొడవలు, ప్రత్యేక తెలంగాణ కోసం, జరుగుతున్నాయి. బళ్ళూ కాలేజీలూ నెలల తరబడి మూసేశారు. మీవాళ్ళు, మావాళ్ళు అనే మాటలు బజార్లో గట్టిగా వినిపించేవి. మా పెరట్లో మాత్రం ఆ మాటలు వాక్కాయ పచ్చట్లో మెంతులెయ్యాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోయేవి.

పెద్దమ్మకి అశోక్‌నగర్‌లో ఒక ఖాళీ స్థలం ఉండేది. ఎప్పుడో ఇల్లు కట్టుకుందామని కొన్నదట. కట్టేదాకా గొడ్లు రాకుండా చుట్టూ వాక్కాయ కంచె పెంచారు. ఆవిడ వాటిని కలేకాయలనేది. వానలు పడ్డాక ఆ కంచె ఇంత ఎత్తున పెరిగి, కాయల బరువుకి రోడ్డు మీదికి వంగిపోయేది. పచ్చివి పచ్చగా, దోరవి గులాబీ రంగులో, పండినవి నల్లగా. తుంపర పడుతుంటే వాటి మీద నీటిబొట్లు నిలిచి, ఒక్కొక్క కాయా ఇప్పుడే కడిగి పెట్టినట్టుండేది. ఏటా అందరం కలిసి వెళ్ళి కోసుకొచ్చేవాళ్ళం. సగం కాయలు మామ్మ పచ్చడికి, సగం పెద్దమ్మ మురబ్బాకి.

ఆ ఏడు మాత్రం కాయలన్నీ అత్తకే కావాల్సి వచ్చాయి.

అత్త నారాయణగూడలో కాలేజీలో హోమ్ సైన్సు చదివేది. పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, పుస్తకాలు ఎడమచేత్తో గుండెకి ఆనించుకుని నడిచి వెళ్ళేది. సందు మలుపు తిరిగేదాకా మామ్మ గుమ్మంలో నిలబడేది. కాలేజీ ఎట్టకేలకు తెరిచి, మిగిలిన పరీక్షలు హడావిడిగా పెట్టేశారు. లాబొరేటరీలో చేయించడానికి రోజులు లేవు కనుక, పళ్ళతో జామ్ ఇంట్లోనే చేసి ఆరు సీసాలు మంగళవారం పట్టుకు రమ్మన్నారు. అది నెగ్గితే అత్తకి ఉద్యోగం సిద్ధంగా ఉంది. అనంతపురం అవతల ఎక్కడో, ఆడవాళ్ళకి పళ్ళూ కూరలూ నిల్వ చేయడం నేర్పే శిక్షణ కేంద్రంలో. ఈసారి తప్పితే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

ఆ ఉద్యోగం సంగతి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. నాన్న వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మామ్మ మాత్రం పప్పు కడుగుతూ, పక్కలు వేస్తూ, ఎవరితోనూ కాకుండా అనేది, "అక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటాయట. జొన్నన్నం తప్ప దొరకదట. ఒక్కత్తీ గదిలో ఎలా పడుకుంటుందో." అత్త వినిపించనట్టే నోటు పుస్తకంలో రాసుకునేది. మామ్మ పక్కలో, మామ్మకీ గోడకీ మధ్య, పుట్టినప్పటి నుంచీ పడుకున్న మనిషి మా అత్త. నేను ఆ పక్కలోకి దూరబోతే ఇద్దరూ కలిసి తోసేసేవారు.

ఆదివారం పొద్దున్న అందరం బయల్దేరాం. నాన్న గొడుగు, మామ్మ వెదురుబుట్ట, పెద్దమ్మ రెండు సంచులు, అత్త ఒక కర్ర, నేను ఉత్తచేతులు. సన్నగా తుంపర. తడిసిన మట్టి వాసన, ఎవరింట్లోంచో తిరగమోత వాసన. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కి ఎంత దూరమని, నాలుగడుగులు. కానీ నా కాళ్ళకి అది ప్రయాణం. పాత బంగళాల గోడల మీద పాకుడు, గేట్ల దగ్గర పారిజాతాలు రాలి ఉండటం, ఒక ఇంట్లో రేడియో, ఇంకో ఇంట్లో కుక్క. ఇవన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళడం.

కంచె దగ్గర మామ్మ అందరి చేతులకీ కొబ్బరినూనె రాసింది. వాక్కాయ తుంచితే తెల్లటి పాలు కారతాయి, నూనె లేకపోతే వేళ్ళు అంటుకుపోతాయి. ముళ్ళు జంటగా ఉంటాయి, ఒకటి తప్పించుకుంటే ఇంకొకటి పట్టుకుంటుంది.

"అన్నీ పండినవే కోయకూడదు, కొంచెం దోరవి కూడా కావాలి. అప్పుడే జామ్ గట్టిపడుతుంది" అంది అత్త పుస్తకం చూసి.

"నీ పుస్తకం నాకు జెప్పొద్దు బిడ్డా" అంది పెద్దమ్మ. "నా పెండ్లిగాక ముందుకెల్లి తెంపుతున్న కలేకాయలు. ఏదైతే చేతికి వస్తదో గదే తెంపాలె."

"మా వైపు ఆడపిల్లలు ఇలా మొండిగా ఉండరు వదినగారూ" అంది మామ్మ, అత్త వైపు చూడకుండా.

"ఏడనైనా గిట్లనే ఉంటరు వదినె. మనం గిట్లనే లేమా?"

నాన్న గొడుగు మూసి దాని వంకీతో కొమ్మలు వంచాడు. ఆఫీసులో ఎలా ఉండేవాడో తెలియదు కానీ అక్కడ మాత్రం పై కాయ కోసం ఎగిరి, చొక్కా చించుకుని, పకపకా నవ్వాడు. నేను వాక్కాయ పాలతో మీసాలు పెట్టుకున్నాను. నల్లగా పండినవి ఎవరూ చూడకుండా తినీ తినీ గొంతు గీరుకుపోయి, నాలిక ఊదారంగుకి తిరిగింది. "నువ్వేమైనా తిన్నావా?" అని మామ్మ అడిగితే నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపాను. నోరు తెరవకపోవడమే సాక్ష్యం అని నాన్న అన్నాడు.

మధ్యాహ్నం పెరట్లో రేకుల కింద అరుగు మీద బొగ్గుల కుంపటి అంటించారు. ఇత్తడి గిన్నెలో పులుపు వండకూడదని పుస్తకంలో ఉందని అత్త అంటే, పెద్దమ్మ తన పెద్ద స్టీలు దేక్చ ఇచ్చింది. కాయలు ఉడికించి, జల్లెడలో వేసి గరిటెతో రుద్ది, గింజలు తీసేసి, గుజ్జు మళ్ళీ దేక్చలో పోశారు. పంచదార రేషను మీద వచ్చే రోజులవి. రెండు నెలలుగా ఇంట్లో అందరం చప్పటి కాఫీలూ చప్పటి పాలూ తాగి కూడబెట్టిన పంచదారంతా అత్త ఒక్కసారిగా అందులో పోసేసింది. గుజ్జు కుతకుతమని, రంగు మారి, గులాబీ నురగ పైకి తేలింది. అత్త ఆ నురగని గరిటెతో తీసి గిన్నెలో పెడుతోంది. ఆ గిన్నె పట్టుకుని నేను పక్కనే ఉన్న కర్రబల్ల కిందకి దూరాను. వెచ్చగా, పుల్లగా, తియ్యగా, నోట్లో పెట్టుకోగానే లేకుండా పోయే నురగ. పైన రేకు మీద వాన చప్పుడు. ప్రపంచంలో ఇంకెక్కడికీ వెళ్ళాల్సిన పని లేదనిపించింది.

ఇప్పుడు మా మామ్మ చేతి గురించి చెప్పాలి. మా సందులో ఎవరింట్లో అరిసెలు వండినా పాకం చూడటానికి మామ్మనే పిలిచేవారు. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి, అందులో పాకం చుక్క వేసి, రెండు వేళ్ళతో నొక్కి చూసేది. "ఊఁ, దించు" అనేది. ఆ మాట ఒక్కసారి కూడా తప్పిపోయిందని ఎవరూ అనగా వినలేదు. జామ్‌కి కూడా అదే పని అప్పగించారు. అత్త దగ్గర పుస్తకం ఉంది, మామ్మ దగ్గర వేళ్ళున్నాయి. మా ఇంట్లో వేళ్ళదే పైచెయ్యి.

బల్ల కింద నుంచి నాకు మామ్మ మోకాళ్ళూ, నేల మీద పళ్ళెం, అందులో ఆమె వేళ్ళూ కనిపిస్తున్నాయి. మొదటిసారి చుక్క నీళ్ళలో విచ్చుకుపోయింది. "ఇంకా రాలేదు" అంది. రెండోసారి చుక్క చెదరకుండా నిలబడింది. మామ్మ దాన్ని వేలితో తోసింది. ముడత పడి, అలాగే జరిగింది. మామ్మ వేళ్ళు కాసేపు కదలకుండా ఉండిపోయాయి. తర్వాత ఆ చుక్కని గబుక్కున చీరకొంగుతో తుడిచేసి, "ఇంకా రాలేదు" అంది.

"వచ్చింది కదా మామ్మా" అన్నాను నేను.

మామ్మ వంగి బల్ల కిందకి చూసింది. ఆ మొహం కోపంగా లేదు. గిన్నెలోంచి ఒక చెంచాడు నురగ తీసి నా నోట్లో పెట్టింది. నోరు నిండా తీపి ఉంటే ఏం మాట్లాడతాం. నేను చప్పరిస్తూ కూర్చున్నాను.

మూడోసారీ రాలేదంది. పైన దేక్చకి చెంచా తగిలి మెల్లగా చప్పుడైంది. నాలుగోసారి చుక్కని ఉండ చేసి పళ్ళేనికేసి కొడితే టంగుమంది. అప్పుడు "దించు" అంది.

సీసాల్లో పోస్తుంటేనే తీగలు సాగింది. సాయంత్రానికి రాయి అయిపోయింది. చెంచా దిగలేదు, చాకూ దిగలేదు. నాన్న ఒక సీసా తలకిందులుగా పట్టుకుని ఊపి, "అమ్మా, నువ్వు జామ్‌కి అరిసెల పాకం పట్టావే" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో యాభై ఏళ్ళు తిరిగింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఎప్పుడు ఎవరు మామ్మని తలుచుకున్నా ముందు ఆ కథే చెప్పి నవ్వేవారు.

అత్త నవ్వలేదు, ఏడవనూ లేదు. "పోనీలే అన్నయ్యా, అమ్మకి అలవాటైన పాకం అది" అంది. గరిటె తోమింది. దేక్చ తోమి పెద్దమ్మకిచ్చి వచ్చింది. తర్వాత, మంగళవారం కట్టుకోవడానికి ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించుకున్న తెల్లంచు చీరని తీసి, మడతపెట్టి, ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేసింది. పెట్టె మూత పడిన చప్పుడుకి మామ్మ తలెత్తి చూసింది. ఆ పూట అన్నం సయించడం లేదని లేచిపోయింది.

సోమవారం పొద్దున్న అత్త కాలేజీకి వెళ్ళింది, తెచ్చి ఇవ్వలేనని చెప్పి రావడానికి. నాన్న ఆఫీసుకి వెళ్ళాడు. వాళ్ళు అలా సందు మలుపు తిరిగారో లేదో మామ్మ వెదురుబుట్ట తీసుకుని, "పదవే" అంది నాతో.

మామ్మ ఆ రోజు కొబ్బరినూనె మర్చిపోయింది. వాన జల్లుగా పడుతోంది. కింద కొమ్మలన్నీ మేం ముందురోజే దులిపేశాం, కంచె లోపలికి చెయ్యి దూర్చి కోయాల్సి వచ్చింది. మోచేతుల దాకా గీరుకుపోయింది. వేళ్ళ మీద పాలూ నెత్తురూ కలిసి అంటుకుంటున్నాయి. నేను కిందపడ్డవి ఏరుతున్నాను. అంతలో పెద్దమ్మ నెత్తిన గోనెసంచి ముసుగు వేసుకుని వచ్చింది.

"ఏంది వదినె, నిన్న తెంపినయి సాల్లేదా?"

"నిన్నటివి నేను చెడగొట్టాను వదినగారూ" అంది మామ్మ.

"పాకం ముదిరిందన్నరు గదా."

"ముదరలేదు. నేనే ముదరబెట్టాను." మామ్మ కొమ్మ వదల్లేదు. "అది వెళ్ళిపోతే నేను రోజూ ఎవరితో పోట్లాడను? ఆ గదిలో ఎవరి పక్కన పడుకోను? నాకు భయమేసింది."

పెద్దమ్మ గోనెసంచి తీసి మామ్మ నెత్తిన కప్పింది. "పోట్లాడటానికి నేను లేనా?" అంది. "పిల్లను పోనియ్యి వదినె. చక్కెర నేనిస్త. పట్టు, గా కొమ్మ జర కిందికి గుంజు."

పెద్దమ్మ తన ఖాళీ మురబ్బా సీసాలు ఆరూ, గిన్నెడు పంచదారా ఇచ్చింది. పంచదార చాల్లేదు. మామ్మ, పుట్టబోయే తమ్ముడి బారసాల కోసం బియ్యం డబ్బాలో దాచిన పొట్లం విప్పింది. ఆ తర్వాత ఎన్నో వారాలు మామ్మ బెల్లం కాఫీ తాగింది, ఆరోగ్యానికి మంచిదని అందరికీ చెబుతూ.

అత్త ఇంట్లో వదిలి వెళ్ళిన నోటు పుస్తకంలో పక్కపక్కన తెలుగులో రాసుకున్నవి మామ్మ నన్ను చదవమంది. మామ్మకి చదువు రాదు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాను. "గ-రి-టె-తో ఎ-త్తి-న-ప్పు-డు చు-క్క-లు-గా కా-కుం-డా..."

"నువ్వు చదవడం అయ్యేలోపు నిజంగానే అరిసెల పాకం అయిపోతుంది" అని, మామ్మ గరిటె ఎత్తి చూసింది. గుజ్జు చుక్కలుగా కాకుండా ఒక్క పలకలా జారింది. పళ్ళెం వైపు చెయ్యి కూడా చాపలేదు. "దించండి వదినగారూ" అంది. "నిన్న కూడా ఇక్కడికే వచ్చిందే" అంది నాతో మెల్లగా. "ఎవరికీ చెప్పకు."

ఆ రోజు నాకు నురగ పెట్టలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రం అత్త, చెప్పాల్సినవాళ్ళు కాలేజీలో దొరక్క, చెప్పకుండానే తిరిగి వచ్చేసరికి కిటికీ అంచు మీద ఆరు సీసాలు వరసగా ఉన్నాయి. వాన తెరిపిచ్చింది. ఎండ ఆ సీసాల్లోంచి వచ్చి అవతలి గోడ మీద ఎర్రగా పడుతోంది. మామ్మ వేళ్ళకి పసుపు రాసుకుని, గుడ్డ చుట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గింజలు ఊడుస్తోంది. అత్త గుమ్మంలోనే నిలబడిపోయింది. చాలాసేపటికి వచ్చి, సీసాల మూతల చుట్టూ కొవ్వొత్తి కరిగించి పోసింది. చీర మళ్ళీ పెట్టెలోంచి బయటికొచ్చింది.

అత్త నెగ్గింది. శ్రావణం వెళ్ళకుండానే కాచిగూడ స్టేషన్లో బండెక్కించాం. రాయైన జామ్‌ని మామ్మ రోకలితో పగలగొట్టి, ముక్కలు కాగితంలో చుట్టి దారిలో చప్పరించమని ఇచ్చింది. మిగిలినవి మా సందులో పిల్లలందరం నెల్లాళ్ళు తిన్నాం. బండి కదిలాక మామ్మ తిరిగి వస్తూ దారంతా పెద్దమ్మతో టికెట్టు ఖరీదు గురించి వాదించింది. ఇద్దరిలో ఎవరికీ దాని ఖరీదు తెలియదు. ఆ రోజు నుంచి మామ్మకీ గోడకీ మధ్య నన్ను పడుకోనిచ్చింది.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఆ స్థలం ఏదో నేను చెప్పలేను. అన్నీ ఒకేలాంటి అపార్ట్‌మెంట్లు. మామ్మ లేదు, పెద్దమ్మ లేదు, నాన్న లేడు. మామ్మకిచ్చిన మాట మాత్రం నేను నిలబెట్టుకున్నాను. అరిసెల పాకం కథ చెప్పి అందరూ నవ్వినప్పుడల్లా, నేను కూడా నవ్వాను.

కానీ బేకరీ నుంచి ఇంటికొచ్చాక ఆ వగరు నోట్లోంచి పోలేదు. అత్తకి ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై దగ్గర పడింది, రిటైరై అనంతపురంలోనే స్థిరపడింది. చెవులు మందగించాయి కానీ మాట కాదు. నేను మొదటి నుంచీ చెప్పాను. బల్ల కింద కూర్చోవడం, చెదరని చుక్క, కొంగుతో తుడిచేయడం, నా నోట్లో నురగ పెట్టడం. చెబుతుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు అనిపించింది.

అత్త నవ్వింది.

"నాకు తెలియదనుకున్నావుటే? గరిటె నా చేతిలోనే ఉంది కదా. రెండోసారికే పలకలా జారింది. చూశాను. చూసి, మళ్ళీ దేక్చలో ముంచేశాను."

"ఎందుకత్తా?"

"నాకూ భయమేసింది. అమ్మ చేతి మీదుగా ఆగిపోతే ఎవరి తప్పూ ఉండదనుకున్నాను. మర్నాడు కిటికీలో ఆ ఆరు సీసాలూ, అమ్మ వేళ్ళకి ఆ గుడ్డలూ చూశాక, ఇక ఆగడానికి నాకు వంక మిగల్లేదు."

ఫోన్లో అత్త ఊపిరి వినిపిస్తోంది.

"మూడోసారి రాలేదన్నాక ఏం చేసిందో తెలుసా మా అమ్మ?" అంది. "నా వైపు చూసింది. ఒక చెంచాడు నురగ తీసి, నా నోట్లో పెట్టింది."